అరవయ్యో నిమిషానికే దమ్ము చాలని వింగర్: లోపం కాళ్లదా, వ్యూహానిదా?

కుడి అంచు (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు సాయంత్రం పూట శిక్షణ ఇస్తుంటాను. మా కుడి వింగర్‌కు (కుడి అంచున దాడి చేసే ఆటగాడికి) బంతి మీద మంచి పట్టు ఉంది, కాళ్లలో వేగమూ ఉంది. తొలి అరగంటలో ఎదుటి జట్టు ఎడమ ఫుల్‌బ్యాక్‌కు, అంటే ఆ అంచును కాచే డిఫెండర్‌కు, ఊపిరాడనివ్వడు. అరవయ్యో నిమిషం దాటేసరికి మాత్రం నడుం మీద చేతులు వేసుకుని నిలబడిపోతాడు. ఆ తర్వాత బంతి అందినా, ఎదురుగా ఉన్నవాడిని దాటే ప్రయత్నం చేయకుండా వెనక్కి ఇచ్చేసి ఊరుకుంటాడు. చూసినవాళ్లందరూ చెప్పే మందు ఒక్కటే: తెల్లవారుజామున మైదానం చుట్టూ ఇంకో పది రౌండ్లు కొట్టించండి, దమ్ము అదే వస్తుంది.

ఆ మందు మీద నాకు నమ్మకం కుదరడం లేదు. మేము ఆడేది 4-4-2: వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉన్నంతసేపూ అతను మా కుడి ఫుల్‌బ్యాక్ పక్కకు, ఒక్కోసారి మా కార్నర్ జెండా దాకా దిగి రావాలి. బంతి మాకు దొరకగానే మళ్లీ అవతలి పెనాల్టీ బాక్స్ దాకా అందరికంటే ముందు చేరాలి. ఈ రాకపోకలకే అతని బలమంతా ఖర్చవుతోందని నా అనుమానం.

పెద్ద ఉదాహరణ ఒకటి ముందు పెడతాను. 2024-25 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో లివర్‌పూల్ తరఫున మహమ్మద్ సలాహ్ 32 ఏళ్ల వయసులో 38 మ్యాచ్‌లూ ఆడి, 29 గోల్స్ చేసి, మరో 18 గోల్స్‌కు బంతి అందించాడు. 38 మ్యాచ్‌ల సీజన్‌లో ఇన్ని గోల్స్‌లో పాలుపంచుకున్న ఆటగాడు అంతకు ముందు లేడు. ఆ వయసులో ఎవరి కాళ్లకూ కొత్త వేగం పుట్టదు కదా. మారింది కోచ్ అయితే, ఆ కోచ్ ఏం మార్చాడు? తెలిసినవాళ్లు వివరించగలరు.

స్ప్రింట్ లెక్క (విశాఖపట్నం)

నేను శారీరక శిక్షణ వృత్తిలో ఉన్నాను కాబట్టి వ్యూహం జోలికి పోకుండా ముందు శరీరం సంగతి చెబుతాను. మీ అనుమానానికి ఆధారం ఉంది.

పెద్ద స్థాయి మ్యాచ్‌లో మైదానంలోని ఆటగాడు సుమారు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో అధిక భాగం నడక, నెమ్మది పరుగు. మనిషిని దించేది ఆ మొత్తం దూరం కాదు. విశ్లేషకులు సాధారణంగా గంటకు 19.8 కిలోమీటర్లు దాటిన పరుగును అధిక వేగ పరుగుగా, 25.2 దాటినదాన్ని స్ప్రింట్‌గా లెక్కిస్తారు. అంచుల్లో ఆడేవాళ్లకే ఈ రెండూ ఎక్కువగా ఉంటాయి. స్ప్రింట్‌కు కావలసిన తక్షణ శక్తి కండరంలో నిలవ ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ నుంచి వస్తుంది. గట్టి స్ప్రింట్ ఒకటి కొట్టాక ఆ నిలవలో సగం తిరిగి చేరడానికి దాదాపు అర నిమిషం, పూర్తిగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. అంటే ఎన్ని స్ప్రింట్లు కొట్టాడన్నది ఎంత ముఖ్యమో, రెండింటి మధ్య ఎంత విరామం దొరికిందన్నది అంతకంటే ముఖ్యం.

ఇప్పుడు మీ కుర్రాడి విషయానికి రండి. ముందుకు నలభై మీటర్లు దూసుకుపోయాడు, అంచు నుంచి గోల్ ముందుకు బంతిని (క్రాస్) కొట్టాడు, అది ఎదుటి గోల్‌కీపర్ చేతికి చిక్కింది. గోల్‌కీపర్ వెంటనే బంతిని విసిరితే, నిలవ నిండకముందే అతను వెనక్కి అరవై మీటర్లు పరిగెత్తాలి. ఆ రెండో పరుగు ఎవరి కంటికీ ఆనదు, చప్పట్లూ పడవు. కానీ అతని మూడో పరుగును మింగేసేది అదే. దీనికితోడు, అదే వేగంతో ఒట్టిగా పరిగెత్తడం కంటే బంతిని నడిపిస్తూ పరిగెత్తడానికి శక్తి ఎక్కువ పడుతుంది. వేగంలో ఉండి ఒక్కసారిగా ఆగడం, తిరగడం తొడ కండరాలను మరింత నలగ్గొడతాయి. నైపుణ్యం ఉన్న వింగర్ చేసే పనంతా ఈ ఆగడం, తిరగడం, మళ్లీ అందుకోవడమే. అందువల్ల పది రౌండ్ల మందు పూర్తిగా వ్యర్థం కాకపోయినా, అతని రోగం అది కాదు. రౌండ్లు కొట్టడం వల్ల కోలుకునే శక్తి కొంత పెరుగుతుంది. కోలుకోవడానికి సమయం ఇవ్వాల్సింది మాత్రం మీ వ్యూహమే.

మెర్సీ తీరం (లివర్‌పూల్)

సలాహ్ పేరు వచ్చింది కాబట్టి ఇక్కడివాడిగా నాలుగు మాటలు రాస్తాను.

అంతకు ముందు కోచ్ యర్గెన్ క్లాప్ హయాంలో ముందు వరుసలోని ముగ్గురే రక్షణకు తొలి గోడ. సలాహ్, ఎడమవైపు మానే ఎదుటి సెంటర్‌బ్యాక్‌ల (మధ్యలో కాచే డిఫెండర్ల) మీదికి వంపుగా పరిగెత్తుతూ, ఫుల్‌బ్యాక్‌లకు వెళ్లే పాస్‌ను తమ వీపు వెనక మూసేసేవాళ్లు. బంతి పోయిన చోటనే, పోయిన క్షణంలోనే తిరిగి లాక్కోవాలన్నది క్లాప్ పట్టుదల. బంతి చాలాసార్లు ఎదుటి గోల్‌కు దగ్గర్లోనే దొరికేది గనుక, అందులో వింగర్‌కు లాభం లేకపోలేదు. సలాహ్ 2017-18లో 32 లీగ్ గోల్స్ చేసింది ఈ పద్ధతిలోనే. అయితే ఆ పద్ధతికి ఇరవై అయిదేళ్ల కాళ్లు కావాలి.

2024లో కొత్త కోచ్‌గా ఆర్నె స్లాట్ వచ్చాక ఆట నిదానించింది. బంతిని ఎక్కువసేపు తమ దగ్గర ఉంచుకుని, తొందరపడకుండా ముందుకు జరపడం మొదలైంది; ఆ సమయమంతా వింగర్‌కు విశ్రాంతే. రెండో మార్పు ఇంకా పెద్దది. ఎదుటి జట్టు బంతితో వస్తున్నప్పుడు సలాహ్ చాలాసార్లు సగం గీత దగ్గరే ఉండిపోయేవాడు. వెనక పడిన ఖాళీని సోబోస్లాయ్ లాంటి మిడ్‌ఫీల్డర్ పక్కకు పరిగెత్తుకొచ్చి పూడ్చేవాడు. రక్షణ భారం తగ్గిస్తే ముందు ఫలితం చూపిస్తానని తాను కోచ్‌తో చెప్పినట్టు సలాహ్ స్వయంగా విలేకరుల దగ్గర అన్నాడు.

టీవీలో ఇది కనపడదు, ఎందుకంటే కెమెరా బంతి వెంటే పోతుంది. స్టాండ్‌లో కూర్చుని బంతిని వదిలేసి అతన్నే చూడాలి. ఆట అవతలి అంచున జరుగుతున్నంతసేపూ నెమ్మదిగా నడుస్తాడు, మేజోడు సర్దుకుంటాడు, ఎదుటి లెఫ్ట్‌బ్యాక్ ఎంత ముందుకొచ్చాడో రెండు మూడుసార్లు తల తిప్పి చూసుకుంటాడు. బంతి తమవాళ్లకు దొరికే లక్షణం కనిపించగానే, ఇంకా దొరకకముందే, ఆ లెఫ్ట్‌బ్యాక్ వెనక ఖాళీలోకి రెండు అడుగులు వేసేసి ఉంటాడు. సలాహ్ వేగమని మనం అనుకునేదాంట్లో ఆ రెండు అడుగుల వాటా చాలా పెద్దది.

నెల్లూరు నెంబర్ 7

అందరూ ఒకే వైపు మొగ్గుతున్నారు కాబట్టి నేను ఎదురు వాదన వినిపిస్తాను. వింగర్ వెనక్కి రాకపోవడాన్ని వ్యూహమని పిలిచి గౌరవిస్తున్నాం. మా కాలంలో దాన్ని బద్ధకం అనేవాళ్లు.

రెండు ఉదాహరణలు. 2010 ఏప్రిల్ 28న ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో, బార్సిలోనా మైదానంలో, ఇంటర్ మిలాన్ ఆటగాడు తియాగో మోత్తా అరగంటలోపే రెడ్ కార్డుతో వెళ్లిపోయాడు. ఆ తర్వాత సామ్యూల్ ఎటో, ప్రపంచంలోని గొప్ప గోల్ వేటగాళ్లలో ఒకడు, మిగిలిన మ్యాచ్ అంతా దాదాపు ఫుల్‌బ్యాక్ లాగా ఆడాడు. ఇంటర్ 1-0తో ఓడినా రెండు మ్యాచ్‌లూ కలిపి 3-2తో ఫైనల్ చేరి కప్పు గెలిచింది. ఎటో ఆ రాత్రి దమ్ము చాలలేదని సగం గీత దగ్గర నిలబడి ఉంటే ఏమయ్యేది?

రెండోది, ఆంటోనియో కోంటే 2016-17 చెల్సీ. ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక 3-4-3కు మారి, అప్పటిదాకా వింగర్‌గానే ఆడుతూ వచ్చిన విక్టర్ మోజెస్‌ను వింగ్‌బ్యాక్ చేశాడు. ఆ అంచు మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్కడిదే. వరసగా 13 లీగ్ మ్యాచ్‌లు గెలిచారు, 93 పాయింట్లతో టైటిల్ కొట్టారు. కాబట్టి వింగర్ రెండు వైపులా పరిగెత్తగలడు. పరిగెత్తించే కోచ్ కావాలి అంతే.

ఇక సలాహ్ సంగతి. 2025-26 వచ్చేసరికి అదే కోచ్, అదే సలాహ్. నవంబరు ఆఖరుకు అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. వ్యూహమే అంతా అయితే ఆ వ్యూహం ఎక్కడికి పోయింది?

స్ప్రింట్ లెక్క (విశాఖపట్నం)

నెంబర్ 7 గారూ, మీ రెండు ఉదాహరణలూ నా వాదనకే బలం ఇస్తున్నాయి. ఎటో ఆ రాత్రి గొప్పగా ఆడాడు. కానీ ఎదుటి డిఫెండర్ ఒక్కడినైనా వేగంతో భయపెట్టగలిగాడా? వేగం అతని కాళ్లలో ఉంది, ఆటలో లేదు. అది వ్యూహం కావాలని చెల్లించిన ధర. పది మందితో ఆడుతున్నప్పుడు అది సరైన బేరం. ప్రతి వారం అదే బేరం చేస్తే నష్టం.

చెల్సీ సంగతి ఇంకా ఆసక్తికరం. మోజెస్ గురించి రాశారు, అదే జట్టులో ఎడమవైపు ఆడిన ఈడెన్ హజార్డ్‌ను వదిలేశారు. అతని వెనక మార్కోస్ అలొన్సో వింగ్‌బ్యాక్‌గా ఉండేవాడు, మధ్యలో కాంతే అందరి బదులూ పరిగెత్తేవాడు. హజార్డ్ వెనక్కి దిగే అవసరం బాగా తగ్గిపోయి, ఆ సీజన్‌లో 16 లీగ్ గోల్స్ చేశాడు. అంటే అదే వ్యూహం ఒక వింగర్‌ను రెండు చివర్లకూ పరిగెత్తించింది, మరొకణ్ని దాచిపెట్టింది. ఎవరి దగ్గర ఏ సరుకు ఉందో చూసి ఎవరిని ఖర్చు చేయాలో కోంటే నిర్ణయించుకున్నాడు. మోజెస్‌కు గుర్రం లాంటి దమ్ము ఉంది, హజార్డ్‌కు మలుపు తిప్పే కాళ్లున్నాయి. వాళ్లిద్దరి పనులూ తారుమారు చేసి చూడండి, టైటిల్ వచ్చేదా?

మెర్సీ తీరం (లివర్‌పూల్)

బెంచ్ ప్రశ్నకు నా జవాబు. 2025 వేసవిలో ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నల్డ్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి సలాహ్ ముందున్న ఖాళీలోకి, అతను తల ఎత్తకముందే, బంతిని దింపిన ఫుల్‌బ్యాక్ అతనే. ఆ పాస్ లేకపోతే సలాహ్ బంతిని కాళ్ల దగ్గరకు అందుకోవాలి. ఎదుట ఇద్దరు కాచుకుని ఉంటారు. నిలబడి మొదలుపెట్టి ఇద్దరిని దాటాలి. దాంతోపాటు ముందు వరుసలోకీ, మధ్యలోకీ కొత్తవాళ్లు వచ్చారు. అతని వెనక ఖాళీని పూడ్చే ఏర్పాటు కూడా చెదిరింది. వయసు కూడా తన పని తాను చేసింది, కాదనను. కానీ వయసు ఒక్క వేసవిలో అంత దూరం దూకదు.

నా అభిప్రాయం ఇది: వింగర్ ఆదా చేసిన ప్రతి పరుగునూ జట్టులో ఇంకెవరో పరిగెత్తుతారు. 2024-25లో అలా పరిగెత్తేవాళ్లు కుదిరారు, మరుసటి ఏడు కుదరలేదు.

పాత మైదానం (సికింద్రాబాద్)

ఇంత చర్చలో హాలండ్ వింగర్ అర్యెన్ రాబెన్ పేరు రాకపోవడం నాకు వింతగా ఉంది. వింగర్‌ను వ్యూహం ఎలా కాపాడుతుందో చెప్పడానికి 2014 ప్రపంచ కప్‌కు మించిన పాఠం నాకు తెలియదు.

హాలండ్ అంటే 4-3-3, గీతను ఆనుకుని ఆడే వింగర్లు. అది వాళ్లకు మతంతో సమానం. ఆ ఏడాది మార్చిలో మిడ్‌ఫీల్డర్ కెవిన్ స్ట్రూట్‌మన్ మోకాలికి గాయమయ్యాక కోచ్ లూయీ వాన్ హాల్ ఆ మతాన్ని పక్కన పెట్టి, వెనక ఐదుగురిని నిలబెట్టాడు. సొంత దేశంలో విమర్శలు వచ్చాయి. ఆ ఏర్పాటులో రాబెన్ వింగర్ కాదు, వాన్ పెర్సీతో కలిసి ముందు ఆడే ఇద్దరిలో ఒకడు. అంచుల్లో ఎక్కి దిగే పని ఒకవైపు బ్లిండ్‌ది, మరోవైపు యాన్మాట్‌ది. రాబెన్ ఫుల్‌బ్యాక్‌ను వెంబడించనక్కర్లేదు. అప్పటికి అతనికి 30 ఏళ్లు, తొడ కండరాలు ఎన్నిసార్లు మొరాయించాయో అందరికీ తెలుసు.

జూన్ 13న సాల్వడార్‌లో స్పెయిన్‌తో మ్యాచ్. అప్పటికి 4-1. ఎనభయ్యో నిమిషం. స్పెయిన్ డిఫెండర్లు సగం గీత దగ్గరికి వచ్చేసి ఉన్నారు. హాలండ్ మిడ్‌ఫీల్డర్ స్నైడర్ తమ సగంలో నుంచే ముందుకు పొడవైన పాస్ ఇచ్చాడు. పాస్ కాలు దాటేటప్పటికి స్పెయిన్ డిఫెండర్ సెర్జియో రామోస్ రాబెన్ కంటే ముందున్నాడు. రెండేళ్లు చిన్నవాడు, మెరికలాంటి ఆటగాడు. ఇరవై మీటర్లలో సమానమయ్యారు, ఆ తర్వాత రామోస్ చూస్తుండగానే వెనకబడ్డాడు. రాబెన్ గోల్‌కీపర్ కసియాస్‌ను పక్కకు తప్పించి, లోపలికి తిరిగి, మోకాళ్ల మీద దేకుతూ వస్తున్న గోల్‌కీపర్‌నూ, పరిగెత్తుకొచ్చిన డిఫెండర్లనూ దాటించి ఎడమ కాలితో కొట్టాడు. నేను ఆ పరుగును ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ నా కళ్లు పోయేది ఎనభయ్యో నిమిషం అన్న అంకె మీదికే. అప్పటిదాకా అతను తమ కార్నర్ జెండాకూ స్పెయిన్ కార్నర్ జెండాకూ మధ్య తిరిగి ఉంటే ఆ పరుగు ఉండేది కాదు.

మరో సంగతి, మన ఊరిది. 1950 నుంచి 1963 దాకా భారత జట్టును, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్, డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో నడిపిస్తూ ఎదుటివాళ్లను దాటడం) నిషేధించిన పోటీలు ప్రత్యేకంగా పెట్టేవారని మా పెద్దలు చెప్పేవాళ్లు. అందిన బంతిని వెంటనే వదిలేసి ఖాళీలోకి కదలాలి. నైపుణ్యం ఉన్నవాళ్లకు అది శిక్షలా తోచేది. కానీ ఆ కాలంలో అంతర్జాతీయ పోటీల్లో మధ్యలో ఆటగాడిని మార్చే వీలు ఉండేది కాదు. మొదలుపెట్టిన పదకొండు మందే చివరిదాకా ఆడాలి. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేసింది అలాంటి రోజుల్లోనే. దమ్మును బంతితో ఆదా చేయడం రహీం సాబ్‌కు ముందే తెలుసు. క్లాప్, స్లాట్ అనుకుంటూ సముద్రాలు దాటుతున్నారు, వెళ్లండి. దారిలో సికింద్రాబాద్ కూడా ఉంది.

స్ప్రింట్ లెక్క (విశాఖపట్నం)

పాత మైదానం గారు రాబెన్ గురించి రాసినదానికి ఒక్క విషయం కలుపుతాను. ఫుట్‌బాల్ ఆటగాడు తన పూర్తి వేగాన్ని అందుకోవడానికి దాదాపు ముప్పై మీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఖాళీ కావాలి. వాన్ హాల్ జట్టు వెనక నిలబడి, స్పెయిన్‌ను ముందుకు రానిచ్చి, రాబెన్‌కు ఆ ఖాళీని తయారు చేసి పెట్టింది. అదే రాబెన్‌ను, ఎదుటివాళ్లంతా పెనాల్టీ బాక్స్ చుట్టూ మూగి ఉన్న మ్యాచ్‌లో ఊహించండి. పది మీటర్లు కూడా దొరకవు. అక్కడ పనికొచ్చేది పూర్తి వేగం కాదు, మొదటి మూడు అడుగుల చురుకు.

మాంచెస్టర్ సిటీలో ఈ రెండు రకాలూ చూశాం. 100 పాయింట్లు సాధించిన 2017-18 జట్టులో సానే, స్టెర్లింగ్ ఇద్దరూ గీతను ఆనుకుని, ముందే నిలబడి, బంతి తమ దగ్గరికి వచ్చేదాకా ఓపికగా కాచుకునేవాళ్లు. పరుగులు చిన్నవి, పదునైనవి. తర్వాతి కాలంలో అదే కోచ్ గ్వార్డియోలా 10 కోట్ల పౌండ్లు పోసి గ్రీలిష్‌ను తెచ్చి, బంతిని పోగొట్టకుండా పట్టుకుని ఆటను నెమ్మదింపజేసే పని అప్పగించాడు. ఆస్టన్ విల్లాలో డిఫెండర్ల మీదికి దూసుకుపోయిన మనిషి, సిటీలో ఆగి వెనక్కి పాస్ ఇవ్వడం మొదలుపెట్టేసరికి వేగం తగ్గిపోయిందని చాలామంది రాశారు. వేగం ఎక్కడికీ పోలేదు, దాన్ని అడగడం మానేశారు.

నెల్లూరు నెంబర్ 7

రాబెన్ వాదన బాగుంది, కొంతవరకు ఒప్పుకుంటున్నాను. కానీ రియల్ మాడ్రిడ్‌కు ఆడిన గారెత్ బేల్ సంగతేమిటి? 2014 ఏప్రిల్ 16, వెలెన్సియాలో స్పానిష్ కప్ ఫైనల్, ఎనభై అయిదో నిమిషం. కొయెంత్రావ్ ఇచ్చిన బంతిని ముందుకు తన్ని, బార్సిలోనా డిఫెండర్ బార్త్రా గీత బయటికి నెట్టేసినా, మైదానం వెలుపల కోచ్‌లు నిలబడే చోటు మీదుగా చుట్టి పరిగెత్తి, మళ్లీ లోపలికొచ్చి గోల్ చేశాడు. అంత పరుగు ఏ వ్యూహం నేర్పుతుంది? అది దేవుడిచ్చిన కాళ్లే.

పాత మైదానం (సికింద్రాబాద్)

కాళ్లు దేవుడిచ్చినవే. ఆ రోజు రొనాల్డో గాయంతో ఆడలేదు. కోచ్ అన్సెలోటీ 4-4-2 పెట్టి, బేల్‌ను బెన్జెమాతో పాటు ముందుంచాడు. అంచుల్లో కిందికి దిగే పని ఇస్కో, డి మారియా చేశారు. దేవుడు, అన్సెలోటీ చెరో చెయ్యి వేశారనుకోండి.

గచ్చిబౌలి గ్యాలరీ (హైదరాబాద్)

మన దగ్గర ఇంకో దారి కూడా చూశాం. 2020-21 సీజన్‌లో మనోలో మార్కెస్ హైదరాబాద్ ఎఫ్‌సీకి కోచ్‌గా ఉన్నప్పుడు లిస్టన్ కొలాసోను చాలాసార్లు రెండో సగంలో దించేవాడు. 2021 జనవరిలో నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌ను 4-2తో ఓడించిన మ్యాచ్‌లో కొలాసో చివరి పది నిమిషాల్లోనే రెండు గోల్స్ కొట్టాడు. అలసిపోయిన ఫుల్‌బ్యాక్ ఎదురుగా తాజా వింగర్‌ను నిలబెట్టడం కూడా వ్యూహమే. 2020 నుంచి ఒక మ్యాచ్‌లో ఐదుగురు ఆటగాళ్లను మార్చే వీలు వచ్చింది, 2022లో అది నియమావళిలోనే స్థిరపడింది. గోవా, కొచ్చి, కోల్‌కతా ఉక్కపోతలో తొంభై నిమిషాలూ వింగర్ ఒకే వేగంతో ఆడాలని కోరడం న్యాయం కాదు. అనంతపురంలో ఉక్క లేకపోయినా ఎండకు తక్కువేమీ లేదు.

కుడి అంచు (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి చదివాక నిన్న సాయంత్రం మా కుర్రాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాను. ఒక పాత మ్యాచ్ వీడియో ఉంటే దాన్ని వేసి, వింగర్ వెనక్కి చేసిన పెద్ద పరుగులన్నిటికీ ఒక్కో గీత పెట్టమని అతనికే పుస్తకం ఇచ్చాను. మొదటి సగం అయ్యేసరికి పేజీ నిండింది. ముందుకు చేసిన పరుగుల గీతలు అందులో మూడో వంతు కూడా లేవు. అతనికి నా మాట అవసరం లేకపోయింది.

అనుకున్న మార్పు ఇది. బంతి ఎడమ అంచున ఉంటే అతను సగం గీత దగ్గరే, స్ట్రైకర్ పక్కన ఉంటాడు. కుడి అంచున ఉంటే మా సగంలో పది మీటర్ల దాకా వచ్చి, లోపలికి వెళ్లే పాస్‌ను మాత్రం మూస్తాడు. ఫుల్‌బ్యాక్‌ను మా బాక్స్ దాకా వెంబడించే పని కుడివైపు సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌ది. ఎదుటి గోల్‌కీపర్ బంతిని చిన్న పాస్‌తో మొదలుపెడితే మాత్రం తొలి పరుగు మా వింగర్‌దే, అందులో మినహాయింపు లేదు. బంతి దొరికాక వెంటనే అతనికి తన్నేయకుండా, ముందు మధ్యలో నాలుగు పాస్‌లు ఆడాలని కూడా చెప్పాను.

నెల్లూరు నెంబర్ 7

ఆ మిడ్‌ఫీల్డర్ ఎవరు? వచ్చే నెల అరవయ్యో నిమిషానికి అతను నడుం పట్టుకుంటే ఇదే చర్చ మళ్లీ మొదలుపెట్టాలి.

స్ప్రింట్ లెక్క (విశాఖపట్నం)

న్యాయమైన ప్రశ్న. అయితే ఆ మిడ్‌ఫీల్డర్ పరిగెత్తాల్సింది మధ్య నుంచి అంచుకు పాతిక, ముప్పై మీటర్లు. వింగర్ పరిగెత్తుతున్నది అరవై. దారి దగ్గరైన మనిషిని పంపుతున్నారు. ఆ స్థానంలో డ్రిబ్లింగ్ చేసేవాణ్ని పెట్టకండి, ఒకే వేగంతో గంటలకొద్దీ తిరగగల కుర్రాణ్ని పెట్టండి. మీ పది రౌండ్ల మందు నిజంగా పనికొచ్చేది అతనికి. వింగర్‌కు మాత్రం ముప్పై మీటర్ల స్ప్రింట్లు, మధ్యలో పూర్తి విశ్రాంతి, వారానికి రెండుసార్లు తొడ వెనక కండరానికి బలం పెంచే వ్యాయామం చాలు. ఆ కండరం గాయాలే ఈ ఆటలో అన్నిటికంటే ఎక్కువ, అలసిన వింగర్‌కు మరీ ఎక్కువ.

మెర్సీ తీరం (లివర్‌పూల్)

ఫుల్‌బ్యాక్‌కు కూడా చెప్పండి. వింగర్ వెనక్కి రానప్పుడు ఫుల్‌బ్యాక్ ముందుకు ఎగబడితే ఆ అంచు మొత్తం ఖాళీ అవుతుంది. ఇద్దరిలో ఒకరే ముందుండాలి.

కుడి అంచు (అనంతపురం)

మిడ్‌ఫీల్డ్‌లో అలాంటివాళ్లు ఇద్దరున్నారు. సగానికొకరు చొప్పున ఆ పని పంచుకుంటారు, టోర్నమెంటులో ఐదు మార్పులకు వీలుంది. వింగర్ ఒప్పుకున్నాడు, మిడ్‌ఫీల్డర్లు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఫుల్‌బ్యాక్ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అతనికి గోల్ కొట్టాలనే సరదా ఎక్కువ. రేపు సాయంత్రం అతనితో విడిగా కూర్చోవాలి.